ముందు అమ్మ చేతులు

మేఘన బొటనవేలి మీద పప్పుచారు చుక్క పడింది. ఒక్కటే చుక్క. నేను గరిటె తీస్తుంటే జారింది. నాలుగేళ్ళ పిల్ల, చెయ్యి తెగిపడినట్టు అరిచింది. నా ఎడమ భుజం మీద ఎప్పుడూ ఒక తడిగుడ్డ ఉంటుంది, కుడి భుజం మీద పొడిగుడ్డ. తడిగుడ్డతో చుక్క తుడవాలి, ఆ తడి తగిలిందని మళ్ళీ ఏడుపు అందుకోకముందే పొడిగుడ్డతో అద్దాలి. నిద్రలో లేపినా చేయగలిగిన పని అది. తుడిచాను, అద్దాను, వేలు మీద ఊదాను. మా ఆయన కృపాకర్ కంచంలోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"నీ భయమే దానికి అంటింది వనజా."

ఆ మాట కొత్తది కాదు. ఆరు నెలలుగా మా ఇంట్లో ఉప్పులాగా ప్రతి పూటా పడుతున్న మాట. పిల్ల అన్నం చేత్తో ముట్టదు. పిండి ముట్టదు, మట్టి ముట్టదు, గోడ సున్నం ముట్టదు, నా పట్టుచీర జరీ అంచు కూడా ముట్టదు. రెండు పిడికిళ్ళు బిగించి గుండెకు ఆనించుకుని తిరుగుతుంది, లోపల ఏదో దాచుకున్నట్టు. నేను భయస్తురాలినన్నది నిజమే. కృపాకర్ మానుకోటలో విత్తనాల దుకాణంలో గుమాస్తా. పొద్దున నెల్లికుదురు నుంచి బండి మీద పోతే సాయంత్రం గేటు చప్పుడయ్యేదాకా దారిన పోయే ప్రతి అంబులెన్సులోనూ అతనే ఉంటాడు నాకు. సిలిండర్ మూత రెండుసార్లు తిప్పి చూస్తాను, మూడోసారి చూసి వచ్చి పడుకుంటాను. పల్లీ కనిపిస్తే అది పిల్ల గొంతులో అడ్డం పడడం కూడా కనిపిస్తుంది. అందుకే ఆయన ఆ మాట అన్న ప్రతిసారీ నేను నమ్మాను. నా పాలలోంచే పోయిందేమో, కడుపుతో ఉన్నప్పుడు ఉరుముకు ఉలిక్కిపడ్డాను కదా, అప్పుడే పోయిందేమో అని తవ్వుకుంటూ కూర్చునేదాన్ని.

ఫిబ్రవరిలో పిల్ల బడిలో ఏదో పండగ చేశారు. నర్సరీ పిల్లలందరి అరచేతులకు రంగు పూసి పెద్ద గుడ్డ మీద అచ్చులు వేయించారు. మేఘన వాంతి చేసుకునేదాకా ఏడ్చిందట. "కొన్ని రోజులు ఇంట్ల ఉంచుకోండమ్మా, కొద్దిగ సెట్టయినంక తీస్కరాండ్రి" అని పంపేశారు. ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే మా అత్తమ్మ సాలమ్మ, భూపాలపల్లిలో ఉన్న కూతురికి ఫోన్ చేయించి స్పీకర్ పెట్టమంది. మమత వదినె గొంతు ఇల్లంతా వినిపించేదే, స్పీకర్ అక్కర్లేదు.

"అమ్మా, జూన్ల బడులు తెరిచేదాక చూద్దాం. పిల్ల అప్పటికీ గిట్లనే ఉంటే నేనొచ్చి భూపాలపల్లికి తీస్కపోత. ఒక్క ఏడాది తల్లి కొంగు ఇడిస్తే అన్నీ అవే సక్కగైతయ్. మా పోరగాళ్ళు పెరగలేదా?"

"గదే మంచిది బిడ్డా," అంది అత్తమ్మ.

"సరే అక్కా," అన్నాడు కృపాకర్.

నేను చాయ్ వడపోస్తున్నాను. నా కడుపున పుట్టిన పిల్లను ఎక్కడ ఉంచాలో మూడు ముక్కల్లో తేల్చేశారు. ఇద్దరికీ కప్పులు అందించాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. చక్కెర సరిపోయిందా అని నేనే అడిగాను.

మా వీధి చివర అంగన్‌వాడీ నడిపే జమ్లీ టీచర్‌కు చెప్పుకుని ఏడిస్తే, ఆమె నన్నూ పిల్లనూ మానుకోట దవాఖానకు వెంటబెట్టుకుపోయింది. పిల్లల ఎదుగుదల చూసే గదిలో అలేఖ్య అని చిన్న వయసు అమ్మాయి కూర్చుని ఉంది. మేఘనను ముట్టుకోకుండానే గంటసేపు చూసింది. కొందరు పిల్లలకు ముట్టుకున్నది మనకన్నా పదింతలు తెలుస్తుందని, తొందరపెట్టొద్దని, బలవంతంగా చెయ్యి పట్టి ముంచొద్దని చెప్పింది. తన ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. పిల్లల ఎత్తు బల్ల, దాని నడుమ తొట్టి, తొట్టి నిండా ఏవో గింజలు, చుట్టూ పిల్లల చేతులు.

"ఇంట్ల దొరికేటివే నింపుండ్రి అక్కా. ఒక వారం ఒకటి. పొడివి ముందు, తడివి తర్వాత. పాప చెయ్యి పెట్టకున్నా సరే, మీరు పెట్టి ఆడుండ్రి. చూడనీయండ్రి."

నేను లోపల నానుతున్న ప్రశ్న అడిగేశాను. "నా భయమే అంటిందా మేడం దానికి?"

ఆ అమ్మాయి నవ్వింది. "అదేమన్న గజ్జా తామరా అక్కా, అంటుకోనీకి? పాపతోని రోజూ ఎంతసేపు కూసుంటరు?"

"పొద్దంత దాని కాడనే ఉంట."

"పని చేసుకుంటనా, ఊకెనా?"

 ఊరికే కూర్చోవడం ఎట్లా ఉంటుందో నాకు గుర్తు లేదు.

బల్ల మా ఇంట్లోనే ఉంది. పెళ్ళికి వచ్చిన అద్దం టీపాయ్. పిల్ల పుట్టినప్పటి నుంచి ఆ అద్దం తీసేద్దామని చెప్తూ వచ్చాను, పగిలి గుచ్చుకుంటుందని. "నీకు ప్రతిదీ పగులుతది" అని నవ్వారు. ఒకనాడు కృపాకర్ క్రికెట్ చూస్తూ దాని మీదే కాళ్ళు పెడితే పగిలింది. అది వేరే సంగతి. అద్దం పోయాక మిగిలిన చట్రంలో నా బట్టల టబ్బు పెట్టి చూశాను. అంచు సరిగ్గా పట్టుకుంది, కొలిచి చేసినట్టు. మేఘన నిలబడితే బొడ్డు దగ్గరికి వస్తుంది. ముందు గదిలో కూలరుకు ఎదురుగా పెట్టాను. ఏప్రిల్ అప్పటికే నిప్పులు కక్కుతోంది. పది గంటలు దాటితే పిల్లను గడప దాటించే ధైర్యం నాకు ఎట్లాగూ లేదు.

ఇక దాంట్లో ఏం నింపాలి? నింపే ముందే నా బుర్ర నిండిపోయింది. పల్లీలు గొంతులో పడతాయి. పెసర్లు ముక్కులో పెట్టుకుంటుంది. ఊక దురద, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇసుకలో పిల్లి పాడుచేసి ఉంటే? కుంకుడు నురగ కళ్ళల్లో పడితే? మా తల్లిగారిది జనగామ పక్క ఊరు, అక్కడ ఆముదాలు బాగా పండేవి. మచ్చలు మచ్చలుగా, నున్నగా, చేతిలో పోసుకుంటే జారిపోయే గింజలు, పిల్లలు ఆడుకోవడానికి అంత అందమైనవి ఇంకోటి లేవు. అవి విషం. సీతాఫలం గింజలూ అంతే. ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు, భయపడి భయపడి తెలుసుకున్నాను.

భయపడడం నాకు తొమ్మిదో ఏట అప్పగించారు. మా తమ్ముడు మక్కజొన్న గింజ మింగి ఊపిరాడక నీలంగా అయిపోయాడు. వాడి పక్కనే మా నాయిన నలుగురితో కూర్చుని పేకాడుతున్నాడు. నేను బావి దగ్గర గిన్నెలు తోముతున్నాను. ఎవరో వీపు మీద గుద్దితే గింజ బయట పడింది, వాడు బతికాడు. దెబ్బ మాత్రం నాకు పడింది. "తమ్మున్ని చూసుకొమ్మంటే యాడ సచ్చినవే?" ఆ రోజు నుంచి నేను చూస్తూనే ఉన్నాను. కన్ను తీయలేదు.

చివరికి బియ్యం నయమనిపించింది. రెండు తవ్వల పాత బియ్యం టబ్బులో పోసి, రంగుంటే చూస్తుందని చిటికెడు పసుపు కలిపాను. అత్తమ్మ వచ్చి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఏమే వనజా, బువ్వ పెట్టే గింజనా ఆటబొమ్మ చేసేది? ప్రభువు చూడడా? నలభై ఏండ్లు బురదల వంగి నాటేసిన దాన్ని, నా కండ్ల ముంగట గింజలతోని ఆడుతరా?"

ఆమె మాటలో నిజం ఉంది, అదే కష్టం. "పారబోయను అత్తమ్మా. కోళ్ళకేస్త, ఒక్క గింజ దండుగ కాదు" అన్నాను. ఆమె ప్రార్థన చేసినట్టు గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

మేఘన గోడకు ఆనుకుని నిలబడింది, పిడికిళ్ళు గుండె మీద. నేను టబ్బు పక్కన కూర్చుని చేతులు బియ్యంలో పెట్టాను. ఆడమని కదా చెప్పింది. ఎట్లా ఆడాలి? గుప్పిట నింపి పోశాను. మళ్ళీ పోశాను. నాలుగోసారికి సిగ్గేసింది, పక్కింటివాళ్ళు చూస్తే పిచ్చిదనుకుంటారని. పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి, తడిసిన బట్టలు గుర్తొచ్చాయి. చూస్తుండగానే నా వేళ్ళు వాటంతటవే బియ్యాన్ని ఒక పక్కకు నెట్టి, పలుచగా పరిచి, రాళ్ళు ఏరడం మొదలుపెట్టాయి. నల్ల రాయి, వడ్ల గింజ, మట్టిపెళ్ళ, తీసి పక్కన పెడుతున్నాయి. నాకు తెలియనే తెలియదు. ఆడమన్న చోట కూడా నా చేతులకు పనే వచ్చింది. అది తెలిసిన క్షణం నాకు ఏడుపు వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళ చేతులు, ఒక్క ఆట రాని చేతులు.

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. ఆడదామని కూర్చుంటాను, రాళ్ళు ఏరుతూ లేస్తాను. పిల్ల గోడ వదిలి ఒక అడుగు ముందుకు వచ్చింది. ఆరో రోజు టబ్బు అంచు దాకా వచ్చి గడ్డం ఆనించి చూడసాగింది. అప్పటికి ఆ బియ్యంలో రాయి అన్నదే లేదు, నేనే పెరట్లోంచి నాలుగు ఏరుకొచ్చి కడిగి కలిపాను.

"అమ్మా, గాడ ఒకటి ఉన్నది."

"ఏడ?"

"గాడ. నీ వేలు కాడ."

"నాకు కనవడ్తలేదు బిడ్డా."

నిజంగానే కనిపించలేదు, కళ్ళ నిండా నీళ్ళు. మేఘన విసుగ్గా నిట్టూర్చింది, అచ్చం వాళ్ళ అవ్వలాగా. కుడి పిడికిలి విప్పింది. రెండు వేళ్ళు, గోళ్ళ చివర్లు మాత్రమే, పసుపు బియ్యంలోకి దిగి, ఆ రాయిని పట్టుకుని తీసుకొచ్చి నా చేతిలో పెట్టాయి. అరవలేదు. వేళ్ళ వైపు చూసుకుంది. తుడవమని కూడా అడగలేదు. నేను గుడ్డ అందుకోబోయి, నా చేతిని నేనే పట్టుకుని ఆపుకున్నాను.

ఆ తర్వాత ఎండాకాలమంతా ఆ టబ్బు నిండుతూ ఖాళీ అవుతూ ఉంది. మురమురాలు పోశాను, గలగలమంటుంటే నవ్వింది. పల్లీ పొట్టు, దాంట్లో దాచిన గాజులు. గింజ తీసిన పత్తి, ఒక రోజంతా దాని జోలికి పోలేదు, రెండో రోజు బుగ్గకు ఆనించుకుంది. నానబెట్టిన సగ్గుబియ్యం చూసి వెనక్కి పోయి, నాలుగు రోజులు గిన్నెతో గంటెతో ఆడి, ఐదో రోజు ఒక వేలు ముంచింది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళు, లోపల మల్లెపూలు. చెరువు నల్లమట్టి, నేను ఎండబెట్టి దంచి జల్లెడ పట్టి మళ్ళీ తడిపినది. ఏది నింపినా ముందురోజే దాని భయాలన్నీ పడి ఉంచేదాన్ని. నా నోట్లో వేసుకుని చూసేదాన్ని, ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చేదాన్ని, ముంజేతికి రాసుకుని గంట ఆగేదాన్ని. మా ఇద్దరికీ ఒక పద్ధతి పడింది. కొత్తది ఏదైనా సరే, నేను అడుగుతాను, "ముందు ఎవరి చేతులు?" పిల్ల రెండు చేతులూ గాలిలోకి ఎత్తి అరుస్తుంది, "అమ్మయి!" నేను చేతులు పెట్టి కలియతిప్పి చూసి "ఇగ రా" అంటే అప్పుడు దిగుతుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి లోపలికి వస్తుంటే టబ్బు దగ్గర ఎవరో కూర్చున్నారు. అత్తమ్మ. పిల్ల మంచం మీద నిద్రపోతోంది. ఆమె ఒక్కతే, రెండు చేతులూ మోచేతుల దాకా సగ్గుబియ్యంలో పెట్టి, కళ్ళు మూసుకుని, మెల్లగా వేళ్ళు కదుపుతోంది. నాట్లు వేసి వేసి గోళ్ళు అరిగిపోయిన చేతులు. నన్ను చూసి గబుక్కున తీసేసుకుంది.

"పాడైనయా అని చూస్తున్న," అంది.

"చూడు అత్తమ్మా. జర మంచిగ చూడు," అన్నాను.

మర్నాడు ఆమే ఎవరితోనో తాటిముంజలు తెప్పించి, పొట్టు ఒలిచి టబ్బులో వేసింది. మెత్తగా, చల్లగా, వణుకుతూ ఉన్న ముంజను మేఘన రెండు అరచేతుల్లో ఎత్తుకుని చూసి చూసి, కొరికేసింది. నీళ్ళు ముంజేతుల మీద కారుతుంటే పట్టించుకోనే లేదు. మా అత్తమ్మ "యేసయ్యా" అంది. నేను మాత్రం ముంజ గొంతుకు అడ్డం పడుతుందేమోనని పిల్ల పక్కకు జరిగి కూర్చున్నాను. సంతోషం వచ్చిందని డ్యూటీ దిగిపోదు కదా.

జూన్ మొదటి వారం మమత వదినె వచ్చింది. పిల్ల బట్టలకని ఒక ఖాళీ సూట్‌కేసు కూడా తెచ్చింది. మారిందని ఫోన్‌లో ఎంత చెప్పినా, "నువ్వు చెప్పుడు గాదు, నేను చూడాలె" అంది. నిజానికి నాకూ నమ్మకం కుదరలేదు. కొత్త మనిషిని చూసి పిల్ల మళ్ళీ పిడికిలి బిగిస్తే? పొద్దున్నే కడిగిన టబ్బులో మురమురాలో, ఏదో తెలిసినదే పోయాలని అనుకుంటూ వంటింట్లో ఆమెకు పూరీలు చేస్తున్నాను. బయట కృపాకర్ గొంతు ఉత్సాహంగా వినిపించింది.

"అక్కా, నువ్వే చూడు. పిల్ల కోసమని దుకాణంల చినిగిన సంచుల్లకెళ్ళి తెచ్చిన. ఇసొంటి రంగు వనజ ఎన్నడన్న పోసిందా? మేఘనా, దా బిడ్డా, డాడీ ఏం తెచ్చిండో చూడు!"

గలగలమని గింజలు పోస్తున్న చప్పుడు. నేను ముందు గదిలోకి తొంగి చూశాను. టబ్బు నిండా మక్క గింజలు. గులాబీ రంగు. ముద్దమందారం లాంటి గులాబీ రంగు.

ఆ రంగు ఎందుకు వేస్తారో నాకు తెలుసు. పురుగు పట్టకుండా మందు పట్టించిన విత్తనం అది, తిండి గింజ కాదని గుర్తు కోసం వేసే రంగు. మేఘన అప్పటికే టబ్బు దగ్గరికి పరుగెత్తింది. రెండు అరచేతులూ వేళ్ళు చాపి ఉన్నాయి. రెండు నెలలు నేను విప్పిన పిడికిళ్ళవి. ఆ పిల్లకు చేతుల తర్వాత ఇప్పుడు నోరే.

నా గొంతులో అరుపు తయారుగా ఉంది. అరిస్తే పిల్ల బెదిరి, ఆ చేతులు మళ్ళీ ఎప్పటికి విచ్చుకుంటాయో తెలియదు. ఆ సూట్‌కేసు మూత తెరిచే ఉంది. అరవకపోతే ఇంకొక్క అడుగే. నా జన్మలో నేర్చుకున్న భయమంతా కూడగట్టి, దాన్ని గొంతు కిందే అదిమిపెట్టి, రోజూ అనే గొంతుతోనే అన్నాను.

"మేఘనా. ముందు ఎవరి చేతులు?"

పిల్ల ఆగింది. రెండు చేతులూ గాలిలోకి ఎత్తింది. "అమ్మయి!"

నేను నడిచి వెళ్ళి ఆ ఎత్తిన చేతుల కింద నుంచి పిల్లను ఎత్తుకున్నాను. చంకలో పెట్టుకుని టబ్బుకు దూరంగా జరిగాను.

"చూసినవా అక్కా?" కృపాకర్ నవ్వాడు. "గిదే. గింజల్ని చూసినా భయమే. ఆడుకునే పిల్లను ఆడుకోనియ్యదు."

"నేను చెప్పుకుంటనే ఉన్న గదరా," అంది మమత వదినె.

తలుపు పక్కన ఖాళీ సంచి పడి ఉంది. తీసి కృపాకర్ చేతిలో పెట్టాను.

"చదువు."

"ఏంది?"

"ఎర్ర అక్షరాలున్నయ్. నేను పదో తరగతి తప్పినదాన్ని, నాకు కనవడ్డయ్. నువ్వు డిగ్రీ చేసినవు. గట్టిగ చదువు, వదినె వినాలె."

అతను సంచి తిప్పి చూశాడు. మొదటి ముక్క గట్టిగానే చదివాడు. "మందు పట్టించిన విత్తనం." రెండోది కొంచెం తగ్గింది. "తినరాదు, పశువులకు పెట్టరాదు." మూడోది పెదవుల మీదే ఆగిపోయింది.

"ఏందిరా అది?" అత్తమ్మ అడిగింది.

"పిల్లలకు అందనీయరాదని ఉన్నది," నేనే చెప్పాను.

"నేను రోజూ చేత్తోనే పోస్తనే," అన్నాడు కృపాకర్, ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. "నాకేం కాలే గదా."

అత్తమ్మ లేచి అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "నీకేం కాలేదురా. మింగితే పిల్లకు అయితుండే!"

ఇక్కడ నేను ఎప్పుడూ ఊరుకుంటాను. ఏదో అయిపోయింది పోనీ అని పూరీల దగ్గరికి పోతాను. నూనె కాగుతోంది కూడా. వెళ్ళి స్టవ్ ఆర్పేసి వచ్చాను.

"నా భయం పిల్లకు అంటిందన్నవు. ఆరు నెలలు నమ్మిన. ఇప్పుడు చెప్త ఇను. నువ్వు భయం లేకుంట తిరుగుతున్నవంటే, నీ వంతుది గూడ నేనే పడుతున్న. గ్యాసుది నేనే, కరెంటు తీగది నేనే, పిల్ల గొంతుది నేనే. అత్తమ్మ బీపీ గోలీది నేనే. వండుడు, తోముడు ఎట్ల పనో, భయపడుడు గూడ గట్లనే ఒక పని. ఇంటికి ఒకలన్న చేయకుంటే ఇల్లు నిలవడది. ఇన్నేండ్లు ఒక్కదాన్నే చేసిన, మీరు నవ్విండ్రు. వదినె, పిల్ల యాడికీ పోదు. నీ సూట్‌కేసు మూత పెట్టుకో."

వదినెతో నేను అట్లా మాట్లాడడం అదే మొదటిసారి. ఆమె అరుస్తుందనుకున్నాను. ఆమె నా చంకలోని మేఘన వైపు చూసింది. పిల్ల నా మెడలోని పూసలు అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే వేలితో దొర్లిస్తోంది. ఆరు నెలల కింద ఆ మెడ దరిదాపుకు రాని చెయ్యి. వదినె చాలాసేపు చూసి, చాలా మెల్లగా మాట్లాడింది. ఆమెకు మెల్లగా మాట్లాడడం వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

"మీ అన్న, మా ఇంటాయన, బాయిల దిగితే, డ్యూటీ అయిపోయి పైకొచ్చి ఫోన్ చేసేదాక నాకు బువ్వ దిగది వనజా. పదహారేండ్ల సంది. బొగ్గు బాయి పనంటే ఏమనుకున్నవు. ఎవలకన్న చెప్పుకుంటే పిరికిదంటరని చెప్పలే."

అత్తమ్మ కూతురి పక్కకు పోయి కూర్చుంది. నేను పూరీలు తెచ్చాను. కాదు, నేను తేలేదు. కృపాకర్‌ను తెమ్మన్నాను. ఆ గింజలను సంచిలోకి ఎత్తి కట్టించి, టబ్బును సబ్బుతో మూడుసార్లు కడగమన్నాను. మూడూ లెక్కపెట్టాను.

వదినె మర్నాడు ఖాళీ సూట్‌కేసుతోనే బస్సెక్కింది. ఆ వారమే మేఘన జమ్లీ టీచర్ దగ్గర అంగన్‌వాడీలో కూర్చోవడం మొదలుపెట్టింది. నాలుగో రోజు గుడ్డు చేత్తో ఒలుచుకుని తిన్నదని టీచరే పరుగున వచ్చి చెప్పింది. చెప్పి ఇంకో మాట కూడా అంది. శనివారం మానుకోటలో టీచర్ల మీటింగ్ ఉంది, పిల్లల ఆటల గురించి. "నువ్వు రావాలె వనజా. ఏ వయసుకు ఏం నింపాలె, ఏం నింపొద్దు, ఎందుకు నింపొద్దు, అది నీకు తెలిసినట్టు మా టీచర్లల్ల ఎవలకు తెల్వది." నింపొద్దన్న వాటి పట్టిక ఒక్కటే నా దగ్గర రెండు పేజీలు ఉంది. భయాలను ఎవరైనా అడిగి రాయించుకుంటారని నేను కలలో కూడా అనుకోలేదు.

శుక్రవారం సాయంత్రం కృపాకర్‌కు చెప్పాను. శనివారం అంగన్‌వాడీకి సెలవు, అత్తమ్మ చర్చి వాళ్ళతో గార్ల ఊరికి పోతోంది, పిల్ల నీ దగ్గరే, దుకాణానికి సెలవు పెట్టు అని. అతను చొక్కా గుండీ విప్పుతున్నవాడు అట్లాగే ఆగిపోయాడు.

"నేనొక్కన్నా? పొద్దంతనా? ఏమన్న అయితే?"

పెళ్ళయిన ఏడేళ్ళలో ఆ మాట అతని నోట వినడం అదే మొదలు. ఎంత బాగుందో.

మానుకోట హాలులో నా ముందు వరసల్లో ముప్పై మంది టీచర్లు. జమ్లీ టీచర్ బల్ల మీద బియ్యం పోసిన టబ్బు పెట్టింది. మాట తడబడుతుందేమో, నవ్వుతారేమో, ఫ్యాను ఊడి ఎవరి మీదైనా పడుతుందేమో. మొదలుపెట్టబోతూ ఫోన్ చూశాను. ఏడు మిస్డ్ కాల్స్. పక్కకు జరిగి చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"వనజా, పెసర్లల్ల ఆడుతున్నది. ముక్కుల పెట్టుకుంటదేమోనని నాకు... గిన్నె తీసేయాల్నా? ఏడిస్తే ఎట్ల? నేను బాత్రూముకు గూడ పోలే పొద్దటి సంది."

"భయమైతుందా?"

 వెనకాల గింజల గలగల, మేఘన నవ్వు.

"అయితుంది," అన్నాడు.

"మంచిది. పక్కనే కూసో. కన్ను తీయకు."

ఫోన్ ఆపేసి సంచిలో వేసుకున్నాను. టబ్బు దగ్గరికి వెళ్ళి, అందరూ చూస్తుండగా రెండు చేతులూ మణికట్టు దాకా బియ్యంలో పెట్టాను. రాళ్ళు ఏరలేదు. ఆ పూటకు నా భయం ఇంకొకరు పడుతున్నారు, నేను ఆడుకుంటున్నాను.